కొలువు కింది రైలు

దసరాకి బొమ్మలు దించేటప్పుడు మా ఇంట్లో అటక మీంచి ముందు దిగేది అమ్మవారు కాదండీ, రైలు. భక్తి లేక కాదు. బొమ్మలన్నీ పాత చీరల్లో చుట్టి ట్రంకు పెట్టెల్లో ఉంటే, ఆ పెట్టెల మీద ఒక చెప్పుల డబ్బాలో రైలు కూర్చుని ఉంటుంది. దాన్ని దించితే గానీ మూత తియ్యడానికి వీల్లేదు. "దేవుళ్ళ నెత్తిమీద చెప్పుల డబ్బా ఏమే?" అని మా అమ్మ ప్రతి ఏడూ అంటుంది. ప్రతి ఏడూ దాన్ని మళ్ళీ అక్కడే పెడుతుంది.

కోస్తా జిల్లాల్లో చాలామంది సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. మా మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు అలా కాదు. అటు తమిళం, ఇటు కన్నడం ఒరుసుకునే సీమ గనక మాకు నవరాత్రులే. పై మెట్టు మీద కలశం, దాని కింద దేవుళ్ళు, ఆ కింద ఎర్రచందనపు మరపాచి దంపతులు, బియ్యం పప్పు కుప్పలు పోసుకుని కూర్చున్న బొజ్జ శెట్టిగారూ, ఆయన భార్యా. మెట్లన్నీ అయిపోయాక నేల మీద పార్కు. ఇసకలో రాగులు చల్లి మొలిపిస్తే పచ్చిక, పగిలిన అద్దం పెడితే చెరువు, బొగ్గులూ రాళ్ళూ పేరిస్తే కొండ. ఆ కొండ చుట్టూ రైలు.

మెట్ల మీద ఏది ఎక్కడ పెట్టాలో శాస్త్రం ఉంది. నేల మీద లేదు. మా ఇంటి రైలు కథంతా ఆ "లేదు"లోనే ఉంది.

ఆ రైలు చేసింది మా చిన్నవ్వ. మా అమ్మమ్మకి స్వయానా చెల్లెలు. పదహారేళ్ళు నిండకుండానే భర్త పోతే పుంగనూరులో అక్కగారింట్లో ఉండిపోయింది. ఆ రోజుల్లో కొలువు ముందు పేరంటం జరుగుతుంటే ఆవిడ వంటింటి గడప దాటేది కాదు. గుగ్గిళ్ళు ఉడికించేది ఆవిడే, తిరగమాత పెట్టేది ఆవిడే, తాంబూలంలో పెట్టే ఆకులు తుడిచేది ఆవిడే. కలశం ముట్టుకోకూడదు, మెట్ల మీద బొమ్మ సర్దకూడదు. నేల మీది పార్కుకి మాత్రం అడ్డం చెప్పినవాళ్ళు లేరు. అది పూజ కాదు గదా, ఆట. అంచేత ఆవిడ కొలువు కొలువంతా నేల మీదే పెట్టుకుంది.

ఇంజను ఒక పౌడరు డబ్బా. పడుకోబెట్టి, దాని మీద దారపు ఉండ అయిపోయిన కొయ్య రీలు నిలబెట్టింది. అదే పొగగొట్టం. పేరంటాళ్ళు వచ్చే వేళకి ఆ రీలు కంతలో అగరుబత్తి గుచ్చేది. పిల్లలం రైలు బయల్దేరిందని కేకలు పెట్టేవాళ్ళం. తెగిపోయిన హవాయి చెప్పు రబ్బరుని గుండ్రంగా కోస్తే చక్రాలు, చీపురుపుల్లలు ఇరుసులు. సూదిమందు బుడ్ల రబ్బరు మూతలు రెండు పెట్టెల మధ్య బఫర్లు. పెట్టెలేమో అగ్గిపెట్టెలు వరసగా అతికించి, మీద పెళ్ళి శుభలేఖల అట్టలు కప్పి చేసినవి. మైదాపిండి ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు. నలభై ఏళ్ళు దాటినా ఊడలేదు. ఈనాటి ట్యూబుల్లో జిగురు నాలుగు దసరాలు ఆగితే గొప్ప.

ఈ అట్టపెట్టెల మధ్య ఒకే ఒక్క రేకు పెట్టె ఉంది. నిజమైన సీమసరుకు. కుప్పంలో ఉండే మా పెద్దనాన్న మద్రాసు వెళ్ళినప్పుడు సెంట్రల్ స్టేషను పక్కనే ఉన్న మూర్ మార్కెట్లో, పాత సామాన్ల గుట్టలోంచి కొనుక్కొచ్చాడు. ఇంజను లేదు, పట్టాలు లేవు, ఒక్క పెట్టె. 1985 మే నెలాఖరులో మూర్ మార్కెట్ తగలబడిపోయిందన్న వార్త వచ్చినప్పుడు మా పెద్దనాన్న, తన మేడ కాలినట్టు, "మిగతా పెట్టెలన్నీ అక్కడే ఉండుంటాయి" అని బాధపడ్డాడట.

మా మూడు ఊళ్ళకీ రైలుతో మూడు రకాల చుట్టరికం. కుప్పం నుంచి మొదలుపెడతాను, పెద్దింటి సంబంధం గనక. జోలార్పేట నుంచి బెంగుళూరు కంటోన్మెంటుకి 1864 లోనే రైలు వచ్చింది. ఆ దారిలో ఊరు కుప్పం. పెద్ద పట్టాలు, అంటే బ్రాడ్‌గేజి: రెండు పట్టాల మధ్య 1676 మిల్లీమీటర్లు. మదనపల్లెది నడిమి తరగతి సంబంధం. ధాత కరువులో, అంటే 1876-78 లో, సీమ జనం లక్షల్లో పోయాక, 1880 నాటి కరువు కమిషను కరువు ప్రాంతాలకి గింజలు చేరేటట్టు రైళ్ళు వెయ్యమంది. తరవాత 1890ల మొదట్లో వచ్చింది పాకాల-ధర్మవరం మార్గం. అది మీటర్‌గేజి: పట్టాల మధ్య సరిగ్గా 1000 మిల్లీమీటర్లు. స్టేషను పేరు మదనపల్లె రోడ్డు. ఆ "రోడ్డు" అన్నమాట ఎందుకుందో రైలు దిగి, సామాన్లతో సి.టి.ఎం. లో నిలబడి, ఊరు ఎక్కడుందా అని చూసిన కొత్త కోడళ్ళకి తెలుసు. ఇక పుంగనూరుకి రైలే లేదు. పుంగనూరు అంటే పొట్టి ఆవులు. నడుమెత్తు కూడా రాని ఆ ఆవుల్ని చూసి నా చిన్నప్పుడు, మా ఊళ్ళో అన్నీ చిన్న సైజులోనే ఉంటాయి కాబోలు, రైలు కూడా చిన్నవ్వ చేసినంతే ఉంటుంది కాబోలు అనుకునేదాన్ని.

రైలు లేని ఊళ్ళో కూర్చుని రైలు చేసిందావిడ. అది మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి. బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగం. పెళ్ళి సంబంధాలవాళ్ళు అలవాట్లేమిటని అడిగితే మా వదినకి ఏం చెప్పాలో తెలియదు. సిగరెట్టు లేదు, మరొకటి లేదు, గది నిండా బొమ్మ రైళ్ళు. ముప్పయ్యేళ్ళవాడు రైలుబొమ్మలతో ఆడతాడని చెప్పడం కన్నా సిగరెట్టు కాలుస్తాడని చెప్పడమే నయమేమో అని ఒకసారి నాతో అంది.

వాడు ఆడడు. కోస్తాడు. పాతవో కొత్తవో విదేశాల బొమ్మ పెట్టెలు కొని, సన్నరంపంతో నిలువునా కోసి, ఒకదాని సగం ఇంకోదాని సగానికి అతికిస్తాడు. ద్రవం ఒకటి రాస్తే ప్లాస్టిక్కే కరిగి ఒకదాన్లో ఒకటి కలిసిపోతుంది. కీలులో పుట్టీ పెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, రంగు వేస్తే ఎక్కడ అతికాడో పట్టుకోలేం. పాత పట్టుచీర అంచు తీసి కొత్త పరికిణీకి వెయ్యడం తెలిసిన మనకి ఇందులో వింత లేదు. అమెరికావాళ్ళు మాత్రం దీనికి కిట్ బాషింగ్ అని పేరు పెట్టుకున్నారట. కొట్టి కలపడం అనుకోండి.

"ఇంత అవస్థ ఎందుకురా, మన రైలే కొనుక్కోరాదా?" అన్నాను.

"మన రైలు అమ్మేవాళ్ళు ఎవురున్నారత్తా? దొరికేదానికి ఒకటీ అరా. మీటర్‌గేజి పెట్టె అసలే లేదు. అందుకే కోసేది."

దీనికి కొంచెం వెనక్కి వెళ్ళాలి. బొమ్మ రైళ్ళకి కొలత అన్నది జర్మనీ నుంచి వచ్చింది. 1891 లో మార్క్‌లిన్ కంపెనీ లైప్జిగ్ సంతలో, పట్టాల వెడల్పులకి అంకెలు వేసి, ఎవరు ఏ పెట్టె కొన్నా ఆ వరస పట్టాల మీద నడిచేటట్టు చేసింది. ఇంగ్లండులో ఫ్రాంక్ హార్న్‌బీ 1901 లో మెకానో బొమ్మలకి పేటెంటు తీసుకుని, 1920 లో కీ ఇచ్చే రైళ్ళు మొదలుపెట్టాడు. మన దేశంలో అవి దొరల ఇళ్ళల్లోనూ, జమీందార్ల ఇళ్ళల్లోనూ తిరిగాయి. గ్వాలియరు మహారాజుగారైతే భోజనాల బల్ల మీద వెండి రైలు నడిపి, అతిథులకి సారా సీసాలూ చుట్టలూ దాంట్లోనే పంపేవాడు. ఆ రైలు గ్వాలియరు జైవిలాస్ భవనంలో ఉంది. మన పేరంటాల్లో పసుపూ కుంకుమా అందించడానికి అలాంటిదొకటుంటే ఎంత బాగుండేదో! స్వతంత్రం వచ్చాక దిగుమతుల మీద కట్టుబాట్లు వచ్చాయి. ఆట వస్తువులు తెచ్చుకోవడం కష్టమైంది. మామూలు ఇళ్ళకి చెన్నపట్నం కొయ్య రైలో, ఏటికొప్పాక లక్క రైలో. అవి చూడ్డానికి ముద్దొస్తాయి గానీ ఏ దేశపు రైలూ కావు.

మా మేనల్లుడు చెప్పినవాటిల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది రోజ్‌బడ్ కథ. ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లో రోజ్‌బడ్ అని ఆడపిల్లలకి బొమ్మలు చేసే కంపెనీ. గౌనులు తొడిగిన ప్లాస్టిక్ పాపాయిలు వాళ్ళ సరుకు. 1959 లో వాళ్ళు అవే ప్లాస్టిక్ యంత్రాలున్నాయి గదా అని, విడి ముక్కలుగా అమ్మే రైలు పెట్టెలు కూడా తీశారు. కిట్‌మాస్టర్ అని పేరు. కొనుక్కున్నవాళ్ళు ఇంట్లో అతికించుకోవాలి. మూడేళ్ళకే బరువై, 1962 లో ఎయిర్‌ఫిక్స్ అనే కంపెనీకి అమ్మేశారు. కానీ ఆ ముక్కలు చవక, కోస్తే సులువుగా తెగుతాయి. అచ్చులో లేని పెట్టె కావాలంటే రెండు కొని, నరికి, కలిపి, మూడోది చేసుకునేవాళ్ళు. మగపిల్లల ఆట, ఆడపిల్లల ఆట అని అంగట్లో అరలు వేరుచేశారు గానీ, ముద్ద ఒకటే, యంత్రం ఒకటే. మా చిన్నవ్వ కొలువులో రైలూ బొమ్మలూ ఒకే గదిలో ఉన్నట్టు.

అమెరికాలో మాంటరే అనే ఊళ్ళో జాన్ ఆలెన్ అనే ఆయన తన ఇంటి కింది గదిలో గొప్ప బొమ్మ రైల్వే కట్టాడు. దాని పేరు పైకి చదివితే, ఒళ్ళంతా నెత్తురై ఓడిపోయింది అని వస్తుంది. ఆయనకి హాస్యం ఎక్కువ. ప్లాస్టిక్ రాకాసి బల్లి ఒకటి తెచ్చి, పెట్టెలు అటూ ఇటూ లాగే ఇంజను పని దానికి అప్పజెప్పాడు! 1973 జనవరిలో ఆయన పోయాడు. పోయిన పది రోజులకి ఆ ఇంట్లో నిప్పంటుకుని రైల్వే అంతా కాలిపోయింది. మూర్ మార్కెట్ గుర్తొచ్చింది నాకు.

సరే, మన పెట్టె దొరక్కపోవడంలో ఇంకో చిక్కుంది. అదే గేజి. ఈ రోజుల్లో ఎక్కువమంది కట్టే బొమ్మ రైళ్ళు అసలు రైలుకి 87 వంతుల్లో ఒక వంతు. వాటి పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. మన కుప్పం పట్టాలు 1676 ని 87 తో భాగించండి. 19 పైచిలుకు వస్తుంది. అంటే కొట్లో కొన్న చక్రాల మీద మన పెట్టె పెడితే, లావుపాటి మనిషికి బిగుతు చెప్పులు తొడిగినట్టుంటుంది. మదనపల్లె పట్టాలకి లెక్క వేస్తే 11.5. దానికి దగ్గరలో 12 మిల్లీమీటర్ల పట్టాలు వేరే రకం బొమ్మ రైళ్ళకి దొరుకుతాయి. ఆ రకం రైలు చక్రాలు విప్పి, ఈ రకం పెట్టె కింద బిగించాలి. ఒంటి కొలత ఒకరిది, కాళ్ళు ఇంకొకరివి. మన పెట్టెల కిటికీలకి అడ్డకమ్మీలుంటాయి. సీమ పెట్టెలకి ఉండవు. రాగితీగె సన్నంగా సాగదీసి, ఒక్కొక్క కిటికీకీ కమ్మీలు వాడే అతికించాలి. "కమ్మీలు పడేదాకా అది ఇంగ్లండు రైలే అత్తా. కమ్మీలు పడినాక చూడు, మన అరటికాయ బజ్జీల వాసనొస్తుంది" అంటాడు.

అసలు పెద్ద రైలు కూడా ఈ కోతా అతుకూ లేకుండా నడవలేదు. పెరంబూరులో 1955 లో మొదలైన కర్మాగారంలో పుట్టిన పెట్టె ప్రయాణికుల్ని మోసి మోసి వయసు మీరాక, దాని కిటికీలూ తలుపులూ మూసేసి, చివర్న గేట్లు పెట్టి, కొత్త కార్లు మోసే సరుకు పెట్టెగా మారుస్తారు. కుప్పం స్టేషన్లో నిలబడితే, కళ్ళు మూసుకున్న ముసలమ్మల్లాంటి ఆ పెట్టెలు వరసగా పోతుంటాయి. 1991 లో పాత పెట్టెల్నే ఆపరేషను గదులుగా మార్చి లైఫ్‌లైన్ ఎక్స్‌ప్రెస్ అని ఆస్పత్రి రైలు నడిపారు. 2020 లో కరోనా వచ్చినప్పుడు అయిదు వేలకి పైగా పెట్టెల్లో నడిమి బెర్తులు ఊడదీసి రోగుల గదులు చేశారు. బంగారుపేట నుంచి కోలారుకైతే కొన్నేళ్ళు, బస్సు ఒంటికి రైలు చక్రాలు తగిలించిన రైల్‌బస్సు నడిచింది. చిన్నవ్వ పౌడరు డబ్బాకి చెప్పు రబ్బరు తగిలించలేదూ!

పోయినేడు మహాలయ అమావాస్యకి ముందు వాడు మదనపల్లె వచ్చాడు. 2010 ప్రాంతానికి మా మీటర్‌గేజి పోయి బ్రాడ్‌గేజి వచ్చేసింది. పాత పాకాల-ధర్మవరం బండిని తిరిగి కట్టాలని వాడి కోరిక. ఇంజను సంగతి తెలుసు, మామూలు పెట్టెల ఫొటోలున్నాయి, ఆడవాళ్ళ పెట్టె లోపల ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు. రైళ్ళ ఫొటోలు తీసేవాళ్ళు ఎక్కువగా మగవాళ్ళు. ఇంజనుకి ఎదురుగా నిలబడి తీస్తారు. ఆడవాళ్ళ పెట్టెలోకి కెమెరా పట్టుకుని ఎవడు దూరతాడు?

ఆ పెట్టె చరిత్ర మాత్రం కాగితాల మీద ఉంది. 1890 రైల్వే చట్టంలో, 1891 జనవరి 1 నుంచి ప్రయాణికుల బండి ప్రతిదాన్లోనూ అన్నిటికన్నా తక్కువ తరగతిలో కనీసం ఒక గది ఆడవాళ్ళకే ప్రత్యేకించాలనీ, బండి 50 మైళ్ళు దాటి పోయేదైతే ఆ గదికి మరుగుదొడ్డి ఉండాలనీ రాశారు. 1909 లో ఓఖిల్ బాబు అనే బెంగాలీ పెద్దమనిషి పనసపండు తిని, బండి ఆగిన చోట చెంబు పట్టుకుని దిగి, రైలు తప్పిపోయి రాసిన ఉత్తరాన్ని అందరూ నవ్వుతూ చెప్పుకుంటారు. దానికి పద్ధెనిమిదేళ్ళ ముందే మూడో తరగతి ఆడవాళ్ళకి ఆ మాత్రం మర్యాద చట్టంలో దక్కిందని ఎవరూ చెప్పుకోరు. మా మార్గం పొడవు 200 కిలోమీటర్లకి పైమాటే గనక ఇక్కడా ఆ గదికి దొడ్డి ఉండాల్సిందే. తరవాత్తరవాత గార్డుకి కొంత, సామానుకి కొంత, ఆడవాళ్ళకి కొంత ఇచ్చి, ఒకే పెట్టెని ముక్కలు చేసిన బళ్ళూ చాలా నడిచాయి.

అమ్మ చెప్పుల డబ్బా దించి మూత తీసింది. వాడు ఒక్కొక్క పెట్టె అరచేతిలో పెట్టుకుని చూశాడు. నాలుగోది పట్టుకుని ఆగిపోయాడు. మిగతావాటికి మధ్యలో తలుపులు. దీనికి ఒక కొసన మాత్రం విడిగా ఇంకో చిన్న తలుపు. దాని పక్కన మామూలు కిటికీ కాకుండా, పాలకాగితం అంటించిన చిన్న చదరం.

"అత్తా, ఇది దొడ్డి కిటికీ! చిన్నజేజి ఆడోళ్ళ పెట్టె చేసింది!"

నలభై ఏళ్ళుగా చూస్తున్నాను, నాకు తట్టలేదు. చిన్నవ్వ రైలెక్కింది ఒక్కసారే. 1960లలో, బస్సు వాసన పడదని, మదనపల్లె రోడ్డు నుంచి పాకాల మీదుగా తిరుపతికి. పుంగనూరు నుంచి పదిమంది ఆడవాళ్ళు కలిసి వెళ్ళారు. ఒక్కసారి చూసింది గుర్తుపెట్టుకుని చేసింది.

వాడు నా మొహంలోకి చూసి మెల్లిగా అన్నాడు. "కప్పు కోస్తానత్తా. లోపల బెంచీలు ఎట్ల పెట్టిందో చూస్తా. మళ్ళీ అతికించి ఇస్తా, నువ్వు కనుక్కోలేవు."

"కోసేదేందిరా! కొలువులో వస్తువు!" అన్నాను. గొంతు పెద్దదైంది. ఆవిడ పోయి ఇరవయ్యేళ్ళయింది. ఫొటో అంటే ఒకటే ఉంది, అందులోనూ సగం మొహం తలుపు వెనక. ఆవిడ చేతిపని అన్నది ఈ డబ్బా ఒకటే మిగిలింది. దాని మీద కత్తి పెట్టనివ్వడమా? వాడి కోరిక తప్పు కాదనీ తెలుసు. మూసి ఉంచితే ఆ పెట్టెలో ఏముందో ఎవరికీ తెలియకుండానే పోతుంది. రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

పొద్దున అమ్మ కాఫీ కలుపుతూ తేల్చేసింది. "కొయ్యనీవే. అది ప్రతి ఏడూ కోసేది గదా."

"ఎవరు?"

"చిన్నమ్మే. ఏడాదికొక కొత్త శుభలేఖ వస్తే పాత అట్ట చీల్చి కొత్తది వేసేది. ఒక ఏడు పొట్టి చేసింది, ఒక ఏడు రెండు కలిపింది. మీరు పుట్టకముందు ఆ రేకు పెట్టెకి కూడా చక్రాలు పెరికి రబ్బరువి పెట్టింది. మా బావ ఎగిరినాడు, సీమసరుకు పాడు చేసినావని. ఊరికే నిలబెట్టేదానికి రైలెందుకు అనింది."

వాడు వంటింటి కిటికీ వెలుతురులో కూర్చుని, కప్పు అంచున తడిగుడ్డ పెట్టి మైదా జిగురు నానబెట్టాడు. కోత అక్కర్లేకపోయింది. పావుగంటకి కప్పు దానంతటదే లేచింది. కింద పొరలు: ఒక శుభలేఖ, దాని కింద ఇంకో శుభలేఖ, దాని కింద క్యాలెండరు ముక్క. మా అమ్మానాన్నల పెళ్ళి లేఖ మూడోదో నాలుగోదో.

లోపల బెంచీలు ఉన్నాయి. అగరుబత్తి పెట్టెల అట్ట మడిచి చేసింది. మామూలు గదుల్లో ఎదురూ బొదురూ బెంచీలు. ఆడవాళ్ళ గదిలో గోడల పొడుగునా రెండు, మధ్య ఖాళీ. ఈ గదికీ పక్కదానికీ మధ్య గోడ నిండుగా ఉంది, దారి లేదు. దొడ్డి అని వాడు చెప్పిన మూలలో అగ్గిపెట్టె లోపలి అర ఒకటి నిలబెట్టి ఉంది. బెంచీల మీద రంగు రంగుల దారపు ముడులు. లెక్కపెట్టాడు. పది. తొమ్మిది రంగులవీ, ఒకటి తెల్లదీ. తెల్లది కిటికీ పక్కన.

అమ్మ చూసి కాసేపు ఏమీ అనలేదు. "ఆడ కూర్చోనిచ్చినారంట" అంది తరవాత. "బండిలో ఎవురూ తప్పుకోలేదంట. పక్కనే ఆనుకోని కూర్చున్నారంట. వచ్చినాక నెల్లాళ్ళు చెప్పింది."

వాడు కొలతలన్నీ రాసుకుని, ఫొటోలు తీసుకుని, కప్పు మళ్ళీ మూశాడు. మైదా జిగురే వాడాడు. మైలుతుత్తం మదనపల్లె బజార్లో నాలుగు కొట్లు తిరిగితే దొరికింది. బెంగుళూరు వెళ్ళి రెండు జర్మనీ పెట్టెలు నరికి తన ఆడవాళ్ళ పెట్టె కట్టాడు. గోడల పొడుగునా బెంచీలు పెట్టాడు. రంగు దగ్గర తగాదా వచ్చింది. మీటర్‌గేజి పెట్టెలు ఎర్రమట్టి రంగని నేనూ, నీలం అని మా చెల్లెలూ. ఫోనులో ఇద్దరం అరుచుకున్నాం. ఇద్దరిదీ నిజమేనట. మొదట ఎర్రమట్టి రంగు, 1990ల చివర నీలం వేశారు. చిన్నవ్వ ఎక్కింది ఎర్రదే గనక ఎర్రదే వేశాడు.

ఆ దసరాకి కొలువులో రెండు రైళ్ళూ పెట్టాం. వాడిది 12 మిల్లీమీటర్ల పట్టాల మీద కొండ చుట్టూ తిరిగింది. పిల్లలు దాని చుట్టూ చేరారు. చిన్నవ్వ రైలు ఆ పట్టాల మీద నిలబడదు. రబ్బరు చక్రాలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు. దానికి అమ్మ ఎప్పట్లాగే ముగ్గుపిండితో నేల మీద రెండు గీతలు గీసింది, చక్రాలు ఎంత వెడల్పుంటే అంత. నేను పొగగొట్టంలో అగరుబత్తి గుచ్చాను.